ఇనుప ఇంటి నట్లు విప్పిందెవరు

పెళ్లయిన కొత్తలోనే మా ఆయన నాకు అనుమానం పక్షి అని పేరు పెట్టాడు. ఆ పక్షిని మా మున్సిపాలిటీ వాళ్లు రిటైరయ్యేదాకా జీతమిచ్చి మేపారు. కట్టడాల విభాగంలో నాది సబ్ ఇంజనీరు ఉద్యోగం. వానాకాలానికి ముందు పాత ఇళ్లు, మగ్గాల షెడ్లు తిరిగి చూసి, కూలేలా ఉన్నవాటికి నోటీసు అంటించడం నా పని.

నోటీసు అంటే కిరాయికున్నవాళ్లకు హడలు, ఓనర్లకు పండగ. పాత కిరాయిదారును ఖాళీ చేయించాలని కోర్టుకెక్కితే ఏళ్లు గడిచిపోతాయి. అదే ఇల్లు ప్రమాదకరమని మా కాగితం గోడకెక్కితే రోజుల్లో పని తేలిపోతుంది. అందుకే బొంబాయి పక్కన మా భివండీలో కొన్ని ఇళ్లు ముసలితనంతో పగిలితే, కొన్ని ఓనరు అవసరంతో పగులుతాయి. పునాది పక్కన రహస్యంగా గొయ్యి తవ్వించినవాళ్లను చూశాను. మేడ మీద నల్లా విప్పి గోడలోకి నీళ్లు వదిలినవాళ్లనూ చూశాను. దాంతో నాకొక అలవాటు పట్టుకుంది. పగులు కనబడితే ముందు పగులును కాదు, పక్కన నిలబడ్డవాళ్ల మొహాలను చూసేదాన్ని.

ఇప్పుడు ఆ విభాగంలో చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, మేడం, మీరు చూసినవాటిలో పెద్ద కేసు ఏది అని అడుగుతుంటారు. కూలిన బిల్డింగుల గురించి చెబుతానని వాళ్ల ఆశ. అవి పేపర్లో వచ్చాయి, చదువుకోండి అంటాను. నాకు గుర్తున్నది ఒక ఇనుప ఇల్లు.

అంజూర్ ఫాటా కూడలి దగ్గర మెయిన్ రోడ్డు దిగి లోపలికి వెళితే, రెండు పెద్ద గోదాముల మధ్య ఉంటుంది అది. గోడలు అలల రేకులు. స్తంభాలు పోత ఇనుము. చుట్టూ వరండా, వరండా చూరుకు పువ్వులు పోసిన ఇనుప జాలరు. పునాదిలో తప్ప ఎక్కడా ఇటుక కనబడదు. ఎవరు కట్టించారో ఊళ్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. బొంబాయికి మంచినీళ్ల పైపులు వేసే రోజుల్లో తెల్ల ఇంజనీరు ఉండేవాడని కొందరు అంటారు, కాదు ఉప్పు అధికారి బంగ్లా అని కొందరు. నేను ఎవరినీ నమ్మలేదు. కథ చెప్పే ప్రతి ఒక్కరికీ ఆ జాగా మీద ఒక కన్ను ఉండేది.

ఆ ఇంట్లో ఒక ముసలి జంట కిరాయికి ఉండేది. ఆయన కరీంనగర్ వైపు నుంచి పడుచు వయసులో వచ్చిన సాంచెల మిస్త్రీ. సాంచె అంటే మా వాళ్ల మాటలో మరమగ్గం. ఊళ్లో ఏ సాంచె మొరాయించినా ఆయనకు కబురు వెళ్లేది. ఇంటి ముందు హాల్లో సొంతంగా నాలుగు సాంచెలు కూడా నడిపాడు, చేతకాని వయసొచ్చాక అమ్మేశాడు. ఇద్దరూ క్రైస్తవులు, ఆదివారం చర్చి తప్పరు. పిల్లలు లేరు. భార్య తమ్ముణ్ణి చిన్నతనం నుంచి తెచ్చుకుని పెంచారు. ఆ ముసలివాళ్లకు ఆ ఇల్లు పోతే ఊళ్లో ఇంకో గది దొరికే పరిస్థితి లేదు. కొత్త బిల్డింగుల్లో అడిగే డిపాజిట్టు వింటేనే వాళ్లకు కళ్లు తిరిగేవి.

ఆ ఏడాది ఎండాకాలం మొదట్లో ఓనరు మా ఆఫీసుకొచ్చాడు. ఆయనా మన తెలుగువాడే. తండ్రి సాంచెల మీద బతికితే కొడుకు గోదాముల మీద పెరిగాడు.

“అక్కా, ఆ ఇనుప కంబాలు పలుగుతున్నయ్. రేపు మీద వడి ముసలోళ్లు సచ్చిపోతే పాపం నాకే గద. జెర వచ్చి సూడు” అన్నాడు. 

అంత మర్యాదగా మాట్లాడే ఓనరును చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కిరాయిదారు చావు గురించి దిగులు పడే సేటును నా ఉద్యోగంలో అంతకుముందు చూడలేదు. చూస్తానని చెప్పి పంపించి, మర్నాడే మా ముకాదంను వెంటబెట్టుకుని వెళ్లాను. ముకాదం అంటే కూలీల గ్యాంగు మీద పెద్ద. మరాఠీవాడు, రిటైర్మెంటుకు దగ్గరపడ్డాడు, జిగురు డబ్బా లేకుండా బయటికి కదలడు. నోటీసు అంటించేస్తే బెంగ వదిలిపోతుందని ఆయన తత్వమంతా ఒక్క ముక్కలో ఉండేది.

“మేడం, నోటీస్ చిప్కా దో, టెన్షన్ ఖతం.”

సేటు చెప్పింది అబద్ధం కాదు. ప్రతి స్తంభం తలకూ దూలాలను బిగించడానికి చెవుల్లాంటి మడతలు పోతలోనే పోసి ఉన్నాయి. ఆ చెవులకు బెజ్జాలు, బెజ్జాల్లో బోల్టులు. వెనక వైపు స్తంభాల్లో చాలావాటికి ఆ చెవుల దగ్గరే సన్నగా పగులు పడింది. ఒకచోట ముక్క ఊడి కిందపడింది. తుప్పుతో పగిలితే అంచు ఎర్రబారి, గుల్లగా ఉండాలి. ఇది కొత్త పగులు, లోపల బూడిదరంగు మెరుస్తోంది. ఎవరో బలం పెట్టి విరిచినట్టే ఉంది. నాకు సంతోషం వేసిందని దాచుకోను. సేటును పట్టుకోవచ్చనుకున్నాను.

“పెద్దనాయినా, ఈ కంబాలను ఎవలన్న ముట్టిన్రా?” అని ముసలాయనను అడిగాను.

ఆయన నన్ను గోడ పక్కకు తీసుకెళ్లి గొంతు తగ్గించాడు. “మేమైతే ఏం జెయ్యలే బిడ్డా. నట్లు ఇప్పుతున్నరు. మేం చర్చికి పోయినప్పుడల్లా వచ్చి ఇప్పుతున్నరు. వచ్చి సూస్తే వదులైతయ్. ఏండ్ల సంది గిదే నడుస్తున్నది.”

“ఎవలు?”

“సేటు మనుషులు. ఇంటి లోపలి మనిషి సాయం లేకుంట ఎట్లైతది మరి.”

ఇంటి లోపలి మనిషంటే బామ్మర్ది. ఆ తమ్ముడికి పక్కనున్న పూర్ణ ఊళ్లో గోదాము ఉద్యోగం దొరికింది. ఆ గోదాము జాగాలో సేటుకు భాగముంది. ఇంటి తాళంచెవి ఒకటి తమ్ముడి దగ్గర ఉండేది. ఈ మూడూ కలిపి ముసలాయన లెక్క తేల్చేసుకున్నాడు. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి నట్లు చూసి, ఆ మనిషిని బట్టలతో సహా బయటికి పంపేశాడు. నేను వెళ్లేనాటికి దానికి ఆరేళ్లు దాటింది, మాటల్లేవు. తాళంచెవి తిరిగి రాలేదు కాబట్టి ఇంకా దాంతోనే వస్తున్నారని ఆయన నమ్మకం. ఇదంతా ఆయన చెబుతుంటే ఆవిడ వరండాలో మిరపకాయలు తొడిమలు తీస్తూ తల ఎత్తలేదు. నేను బయల్దేరుతుంటే గేటు దాకా వచ్చి, “నువ్వన్న అర్సుకో బిడ్డా. నా తమ్ముడు గసొంటోడు గాదు” అంది. అక్కలు అలాగే అంటారు కదా అనుకున్నాను.

నోటీసు అంటించకుండా మరోసారి తనిఖీ అవసరమని రాసిపెట్టాను. ముకాదం జిగురు డబ్బా మూత బిగిస్తూ నా వైపు జాలిగా చూశాడు.

అదే వారంలో ఇంకో మనిషి దిగాడు. బొంబాయిలో ఒక కాలేజీలో పాత కట్టడాల గురించి పాఠాలు చెప్పే మాస్టారట. చర్చి ఫంక్షన్ ఫొటోల్లో ఎవరో ఆ ఇల్లు పెడితే ఫోన్లో చూశాడట. బూట్లకు దుమ్ము లేదు. చేతిలో చిన్న చెక్క సుత్తి. స్తంభాన్ని కొట్టి చెవి ఆనించి వింటున్నాడు, మధ్యమధ్య నవ్వుకుంటున్నాడు. పగిలిన ఇంటిని చూసి సంతోషించే మనిషిని నేనెలా నమ్మను? ఎవరు పంపారని అడిగాను. ఎవరూ పంపలేదన్నాడు. ఆ జవాబు నాకు ఇంకా నచ్చలేదు.

ఆయన హిందీలో చెప్పిన చరిత్ర ఇది. వెనకటికి ఇంగ్లండులో ఇనుప కార్ఖానాలవాళ్లు ఇళ్లను కూడా సరుకులాగే తయారుచేసి అమ్మేవాళ్లు. స్తంభాలు, దూలాలు, రేకులు, కిటికీలు విడివిడిగా పోతపోసి, ఒకసారి కార్ఖానా ఆవరణలోనే ఇల్లు మొత్తం నిలబెట్టి చూసి, మళ్లీ విప్పి, ముక్కముక్కకూ గుర్తు వేసి, పెట్టెల్లో సర్ది ఓడెక్కించేవాళ్లు. బంగారం కోసం జనం ఎగబడ్డ ఆస్ట్రేలియా ఊళ్లకు, ఆఫ్రికా తీరానికి, వెస్టిండీస్ తోటలకు, మన రేవులకు అలా ఇళ్లు వెళ్లాయి. చర్చిలు, ఆసుపత్రులు, లైట్‌హౌసులు కూడా. తెల్లవాళ్లు దిగిన చోట వాళ్లకు తెలిసిన ఇటుక ఉండదు, నమ్మకమైన వడ్రంగి ఉండడు, కలపను చెదలు తింటాయి. అందుకని ఇంటినే వెంట తెచ్చుకున్నారు.

“అంటే ఇక్కడి మనుషుల మీద నమ్మకం లేక ఇల్లు కూడా మోసుకొచ్చుకున్నారన్నమాట” అన్నాను.

“అలా కూడా చెప్పొచ్చు” అని నవ్వాడు. “కాని మన ఎండ సంగతి వాళ్లకు తెలియదు. లోపలున్నవాళ్లు ఉడికిపోయారు. రేకు లోపలివైపు చెక్క కొట్టించుకున్నారు, పైన గడ్డి కప్పించుకున్నారు. చాలామంది ఇల్లు విప్పి అమ్మేసుకున్నారు. అదొక సుఖం మేడం, ఈ ఇంటిని విప్పి లారీకెత్తి ఇంకోచోట నిలబెట్టొచ్చు.”

ఆ చివరి మాట నా చెవిలో గుచ్చుకుంది. విప్పి లారీకెత్తొచ్చు. ఫాంహౌసుల్లో పెట్టుకోవడానికి పాత తలుపులు, స్తంభాలు వెతికే డబ్బున్నవాళ్లు బొంబాయిలో కొదవలేదు. ఈయన మాస్టారో, ఆ ఇంటిని కొనుక్కుపోవడానికి సేటు పిలిపించుకున్న దలాలో ఎలా చెప్పడం? కాలేజీకి ఫోన్ చేసి కనుక్కున్నాను. నిజంగానే మాస్టారు. నిజమైన మాస్టారు దలాలీ చెయ్యకూడదని రూలేమీ లేదు కదా అని మనసులో ఒక మూల పెట్టుకున్నాను.

ఇక మిగిలింది బామ్మర్ది. చెప్పకుండా పూర్ణ వెళ్లాను. గోదాము గేటు దగ్గర సెక్యూరిటీవాడు పిలిస్తే వచ్చాడు. నలభైకి దగ్గరపడ్డ మనిషి, కంపెనీ జాకెట్టు, చేతులకు పెట్టెల టేపు అంటుకుని ఉంది. నేనెవరో చెప్పి, సేటు నీకేం పని చెప్పాడని సూటిగా అడిగాను.

“సేటు నాతో మాట్లాడనే లేడు మేడం. ఆయన మొకం సుత నేను గేటు కాడ కార్ల సూసిన గంతే.”

“మరి నట్లు ఎట్ల వదులైతున్నయ్?”

“నాకేమెర్క. ఆ ఇల్లు పొద్దంత టకటక అంటనే ఉంటది. చిన్నప్పటి సంది ఇంటున్న.” కాసేపు గేటు అవతలి ట్రక్కులను చూశాడు. “నేనెందుకు ఇప్పుత మేడం. ఆ కంబాల కింద మా అక్క పంటది గద.”

మాట బాగుంది. మరీ బాగుందనిపించింది. దొంగలు కూడా బాగానే మాట్లాడతారని నా అనుభవం. వచ్చే దారిలో ఆటోలో కూర్చుని ఆ మాటను ఎన్ని వైపుల నుంచి తిప్పి చూశానో చెప్పలేను.

చివరికి ఆదివారం కాపు కాయాలని నిర్ణయించుకున్నాను. వాళ్లు చర్చికెళ్లే వేళకు వచ్చి, ఎదుటి టీ బండి దగ్గర నుంచి గేటునే చూస్తూ కూర్చున్నాను. మాస్టారు కూడా వస్తానన్నాడు. అనుమానితుడు కళ్లముందే ఉండటం మంచిదని రమ్మన్నాను. ముసలివాళ్లు తాళమేసి వెళ్లారు. ఎవరూ రాలేదు. కుక్క కూడా గేటు దాటలేదు. ఎండ ముదిరింది, పక్క గోదాములోకి ట్రక్కులు వెళ్తూ వస్తూ ఉన్నాయి, ముసలివాళ్లు తిరిగొచ్చారు. నా ఆదివారం మట్టిపాలైందనుకుని లేవబోతుంటే లోపలి నుంచి చప్పుడు వినిపించింది. ఇనుము మీద ఇనుము. మేమిద్దరం పరుగున లోపలికి వెళ్లాం.

ముసలాయన నిచ్చెన మీద ఉన్నాడు. చర్చి బట్టలు మార్చలేదు, తెల్లచొక్కా చేతులు పైకి మడిచాడు. చేతిలో సాంచెల పానా. పానా పిడికి ఇంకా పట్టు దొరకాలని పొడవాటి పైపు తొడిగాడు. ఆ పైపు కొసన ఒంటి బరువంతా వేసి నట్టు బిగిస్తున్నాడు. కింద ఆవిడ నిచ్చెన పట్టుకుని ఉంది. నట్టు కీచుమంది. ఇంకొక్క గుంజు గుంజాడు.

మాస్టారు మొహం తెల్లబోయింది. నేను మాత్రం ఇంకా సేటు గురించే ఆలోచిస్తున్నాను.

“ఏం జేస్తున్నవ్ పెద్దనాయినా?”

“సూసినవా బిడ్డా, మళ్లొచ్చి ఇప్పిన్రు. నేను బిగించుకుంటున్న.”

“మొన్న అడిగితే ఏం జెయ్యలే అన్నవ్ గద?”

“గిది చేసుడేంది? బిగించుడు” అన్నాడు. ఆయనకు నా ప్రశ్నే అర్థం కాలేదు.

నాకు అర్థమైంది, ఎందుకంటే నేను సాంచెల చప్పుడులో పుట్టినదాన్ని. సాంచె రాత్రింబవళ్లు అదురుతుంది, అదిరి అదిరి నట్లు వదులవుతాయి. శుక్రవారం సెలవు రోజున మిస్త్రీలు పానా పట్టుకుని మొదటి సాంచె నుంచి చివరి సాంచె దాకా బిగించుకుంటూ పోతారు. వదులు నట్టు కనబడితే మిస్త్రీ పరువు పోయినట్టే. ఇల్లు ఊడ్చడాన్ని పని అని ఎవరూ చెప్పుకోనట్టు వాళ్లు బిగించడాన్ని కూడా చెప్పుకోరు. ఈయన శుక్రవారం సాంచెలకు, ఆదివారం ఇంటికి బిగించాడు. సాంచెలు పోయాక కూడా ఇల్లు మిగిలింది. ఎంత బిగించినా వారానికల్లా కాస్త వదులవుతుంటే, ఎవరో విప్పుతున్నారని ఇంకా గట్టిగా బిగించాడు, చివరికి పైపు తొడిగాడు.

మాస్టారు నిచ్చెనెక్కి బెజ్జాన్ని చూపించాడు. అది గుండ్రంగా లేదు, దూలం వెంట పొడుగ్గా సాగి ఉంది. ఎండకు రేకులూ దూలాలూ పెరుగుతాయి, సాయంత్రానికి తగ్గుతాయి. జరగడానికి జాగా ఉండాలని ఆ బెజ్జాలను సాగదీసి పోశారు, నట్టు కింద మెత్తటి సీసం బిళ్లలు వేశారు. ఇల్లు రోజూ కాస్త కదలాలి. కదలనివ్వకపోతే ఎక్కడో ఒకచోట విరగాలి, పోత ఇనుము వంగదు కాబట్టి చెవి దగ్గర విరిగింది. రోజూ అలా జరుగుతూ ఉంటే, పక్కన ట్రక్కుల అదురు తోడైతే, ఏ నట్టయినా వదులవుతుంది. సేటు ఏమీ చెయ్యలేదు. ఆయనకు చేసే అవసరమే రాలేదు, ఆయన కోరుకున్న పనిని మా మిస్త్రీ వారం వారం చేసిపెడుతున్నాడు.

ఇదంతా నేను తెలుగులో చెప్పాను. అన్ని నట్లూ కాస్త కాస్త వదులు చెయ్యాలి, విరిగిన చెవులకు ఉక్కు పట్టీలు వెయ్యాలి, ఇక పానా ముట్టకూడదు అన్నాను. ముసలాయన నిచ్చెన దిగి పానా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను పైనుంచి కిందికి చూశాడు.

“నట్లు ఇప్పి వదిలెయ్యుమంటున్నవ్. సేటు సుత గదే కోరుతున్నడు. మనోళ్ల బిడ్డవని ఇంట్లకు రానిచ్చిన. నిన్ను సుత కొన్నడా వాడు?”

నా ఉద్యోగంలో ఆ ప్రశ్న నేను ఎంతమందిని అడిగానో. నన్ను అడిగింది మాత్రం ఆయనొక్కడే. మొహం మంటెక్కిపోయింది. అరిచి వెళ్లిపోదామనుకున్నాను. నోటీసు అంటిస్తే చాలు, రెండు నిమిషాల పని, ముకాదం సంతోషిస్తాడు. కాని పానా ఇంకా ఆయన చేతుల్లోనే ఉంది. నేను వెళ్లిపోతే ఆ చేతులతోనే సాయంత్రం మళ్లీ పైపు తొడుగుతాడు, వానల్లో ఏదో ఒకరోజు దూలం కిందికి వస్తుంది. కింద మంచం ఉంది.

పగులు కదులుతోందా లేదా తేల్చడానికి మా పనిలో పాత పద్ధతొకటి ఉంది. అడ్డంగా సన్నటి గాజు పలక పెట్టి రెండు కొసలూ గట్టిగా అతికిస్తాం. కట్టడం కాస్త కదిలినా గాజు పలుగుతుంది, దాన్ని మాయ చెయ్యడం ఎవరి తరమూ కాదు. ఒక్క స్తంభం నట్లు వదులు చేసి, అక్కడ గాజు పెట్టి, తలుపులు మూసుకుని అందరం లోపలే కూర్చుందాం అన్నాను. ఎవరైనా వస్తే కళ్లతోనే చూద్దాం. ముసలాయన ఒప్పుకోలేదు. అప్పుడు ఆవిడ ముందుకొచ్చి, ఆయన ఒళ్లోంచి పానా తీసి మాస్టారి చేతికిచ్చింది.

“ఒక్క కంబం గద. సూడనియ్” అంది. ఆయన ఆమెను కాదనలేకపోయాడు.

ఆ సాయంత్రం గాజు అతికించాం. మర్నాడు పొద్దున్నే సెలవు పెట్టి వెళ్లాను. గేటుకు లోపల నుంచి తాళం. నలుగురం ఆ స్తంభం ఎదురుగా కూర్చున్నాం. మాస్టారు పుస్తకం తెరిచాడు గాని పేజీ తిప్పలేదు. ఎండ వెనక గోడ మీదికి వచ్చింది. రేకులు టకటక మొదలుపెట్టాయి. పొద్దు నడినెత్తికి రాకముందే చిన్నగా ఒక చప్పుడైంది, గాజు మధ్యకు విరిగి ఒక ముక్క నేల మీద పడింది.

ముసలాయన లేచి చూసింది స్తంభాన్ని కాదు. గేటు వైపు పరుగెత్తాడు. తాళం చూశాడు, ఇంటి చుట్టూ తిరిగాడు, గోడ అవతలికి తొంగి చూశాడు. ఎవరూ లేరు. వచ్చి, “ఇంకొకటి వెట్టుండ్రి” అన్నాడు.

ఇంకొకటి పెట్టాం. రెండోరోజు ఆయన కుర్చీని స్తంభం కిందికే లాక్కుని, తల ఎత్తి దాన్నే చూస్తూ కూర్చున్నాడు. అన్నం పెడితే వద్దన్నాడు. ఎండ అదే గోడ మీదికి వచ్చింది. అదే చోట, ఆయన కళ్లముందు, ఏ చెయ్యీ తగలకుండా గాజు పలిగింది. ఆయన ముక్కలు ఏరి అరచేతిలో పెట్టుకున్నాడు. “ఎవ్వలు రాలే” అన్నాడు మెల్లగా.

ఆవిడ వచ్చి ఆయన అరచేతిలోని ముక్కలను చూసింది.

“నువ్వు నమ్మాలంటె రెండు అద్దాలు పలుగుడు గావలె. మేడం వచ్చి కూసోవాలె, సారు వచ్చి కూసోవాలె” అంది. గొంతు పెంచలేదు. “నా తమ్మునికైతె ఒక్క అద్దం వెట్టలే గదయ్యా.”

ఆయన తల దించుకున్నాడు. నేను కూడా. పూర్ణ గేటు దగ్గర ఆ తమ్ముడు చెప్పిన మాటను నేనూ నమ్మలేదు కదా, బాగుంది కాబట్టే నమ్మలేదు. ఆవిడ చెప్పులేసుకుంది, కొంగు సర్దుకుని గేటు తాళం తీసింది.

ఆఫీసు సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ఇల్లు ఖాళీ చేయకుండానే మరమ్మతు చేయవచ్చని నివేదిక రాశాను. మాస్టారు తన పేరు మీద లెక్కలు వేసి సంతకం పెట్టాడు. స్తంభాల తలలకు ఉక్కు పట్టీలు వచ్చాయి. సేటు నా ముందు చాలా మర్యాదగానే ఉన్నాడు, బయట మాత్రం నేను ముసలోళ్లకు అమ్ముడుపోయానని చెప్పుకున్నాడట. మాస్టారు ఒక్క పాత బోల్టు అడిగి తీసుకెళ్లాడు. దలాలీ చేశాడనడానికి నాకు ఇప్పటిదాకా ఏ ఆధారమూ దొరకలేదు. ఆ ఇంట్లో ఆ ముసలివాళ్లు ఇంకా ఉన్నారు.

రెండో గాజు పలిగిన ఆరోజు మధ్యాహ్నం ఆవిడ ముందు, ఆయన వెనక, వాళ్ల వెనక నేను రోడ్డెక్కాం. ఒకే ఆటోలో పూర్ణ వెళ్లాం. సెక్యూరిటీవాడు పిలిస్తే తమ్ముడు వచ్చాడు. ముందు అక్కను చూశాడు, తర్వాత బావను చూసి అడుగు ఆపాడు. ముసలాయన అతని దగ్గరికి నడిచాడు.

“నట్లు ఎవ్వలు ఇప్పలేర్రా. ఎండకు అవ్వే ఇప్పుకుంటున్నయంట.”

“నాకెర్క బావా.”

“ఇంటికి రా.”

తమ్ముడు అక్క వైపు చూశాడు. అతని కళ్లు తడిశాయి గాని మాట గట్టిగానే వచ్చింది. “వస్త. రేపు ఇంకొకటి ఏదన్న ఊడితె ఏం జేద్దాం బావా?”

లోపలి నుంచి సూపర్‌వైజరు కేక వేస్తే తమ్ముడు వెళ్లిపోయాడు. గేటు మూసుకుంది. ఇంటికి పోదామా పెద్దమ్మా అనడిగాను. షిఫ్టు అయ్యేదాకా ఇక్కడే కూర్చుంటానంది ఆవిడ. గోడ నీడన చతికిలబడింది. ముసలాయన ఆమె పక్కన కూర్చున్నాడు. నాకు ఆఫీసులో బోలెడు పని ఉంది, అయినా నేనూ కూర్చున్నాను.